డాక్టరు చెప్పిన మాట

జూన్ 11, మంగళవారం

మద్రాసు ఎయిర్‌పోర్టు నుంచి తిరుపతి చేరేదాకా ఆమె నాకు క్షమాపణలు చెబుతూనే ఉంది. ఎండలో నిలబెట్టినందుకు ఒకసారి, పెట్టె నేను మోసినందుకు ఒకసారి, కారులో కునుకు తీసినందుకు ఇంకోసారి. నాలుగు గంటల దారిలో భర్త గురించి అడిగింది మాత్రం ఒక్కసారే. "ఊపిరి తీసుకుంటున్నారా?" అంది. మిషను పెట్టారు, తీసుకుంటున్నారు అన్నాను. జపాను భాషలో మిషను అనే మాట నాకు బాగా వచ్చు. ఫ్యాక్టరీలో రోజూ వాడేదే.

ఆమె భర్త ఒకుదా గారు శనివారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో పళ్ళెం చేతిలో ఉండగానే పడిపోయారు. మెదడులో రక్తనాళం చిట్లింది. సత్యవేడు దగ్గర మా కంపెనీ నుంచి తిరుపతి ఆసుపత్రికి తెచ్చేసరికే స్పృహ లేదు. కంపెనీలో మిషన్లన్నీ ఆయన నిలబెట్టినవే. ఆఫీసులో నా బల్ల దగ్గరికి వచ్చి రోజుకొక తెలుగు మాట అడిగి రాసుకునేవారు. ఆయన రాసుకున్న చివరి మాట "ఉక్కపోత".

పొద్దున ధనశేఖర్ సార్ ఫోన్. హెచ్.ఆర్. మేనేజరు పిలిస్తే కాదనడానికి లేదు.

"రెండు దినాలు ఓర్సుకో నిస్సీ. మద్రాసు ట్రాన్స్‌లేటరు విజయ్ కుమార్ చెల్లెలి పెండ్లికి పోయినాడు. వచ్చేస్తాడు. నువ్వెట్లాగూ జపాను పరీక్షలో మూడో లెవెల్ పాసైనావు గదా."

అయ్యాను సార్ అన్నాను. అప్లికేషన్‌లో కూడా అట్లాగే రాశాను. పరీక్ష వేరు, మాట్లాడటం వేరు. మాట్లాడగలను.

ఆమె పేరు యోషికో. సన్నగా, నెరిసిన జుట్టుతో, తెల్ల చొక్కాలో. మా అమ్మ వయసు.

జూన్ 12, బుధవారం

ఐసీయూ బయట హాలు. చాపలు, క్యారియర్లు, ఫ్లాస్కులు, చార్జింగ్ పెట్టిన ఫోన్లు. పొద్దున పదకొండుకు పది నిమిషాలు, సాయంత్రం ఐదుకు పది నిమిషాలు లోపలికి వదులుతారు. మిగతా పొద్దంతా కూర్చోవడమే.

యోషికో గారు హాలు గడప దగ్గర చెప్పులు విడిచి, ముందు భాగం బయటికి చూసేట్టు తిప్పి పెట్టి వచ్చి కూర్చుంది. అది చూసి పక్క చాప మీది పెద్దామె లేచి పోయి తన చెప్పులు కూడా తిప్పి పెట్టి వచ్చింది. పేరు భారతమ్మ. ఊరు పలమనేరు. పాడి ఆవులున్న ఇల్లు. మొగుడు చెంగయ్యకు గుండె జబ్బు, ఐసీయూలో మూడో మంచం. మాది ఐదోది.

"ఏం పాపా, ఈయమ్మ అందరికీ అట్ల వంగి వంగి దండం పెడతాదే? లిఫ్టు కాడుండే మనిషికి గూడా పెట్టె."

"మర్యాద పెద్దమ్మా. మనం చేతులు జోడిస్తాం, వాళ్ళు వంగుతారు."

"ముఖాన బొట్టు లేదు, మెడలో తాళి లేదు. మొగుడుండాడని ఎట్ల తెలిసేది?"

"వేలికి ఉంగరం ఉంటుంది."

"పాములు తింటారంట గదా?"

"లేదు పెద్దమ్మా. చేపలు తింటారు. మూడు పూటలా అన్నమే, మన మాదిరే."

అన్నం తింటారని తెలిసి భారతమ్మ నిమ్మళించింది. క్యారియరు మూతలో అన్నం, పప్పు పెట్టి ఇచ్చింది. యోషికో గారు రెండు చేతులతో అందుకుంది. తినేముందు చేతులు జోడించి ఏదో అంది. ప్రార్థనా అని అడిగింది భారతమ్మ. కాదు, పండించినవాళ్ళకు, వండినవాళ్ళకు కలిపి చెప్పే మాట అన్నాను.

"వండిందాన్ని నేను ఈడనే ఉండా గదా, నాకే చెప్పమను" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఏడ్వదేం పాపా?"

"పదిమంది ముందర ఏడవరు. చూసేవాళ్ళకు ఇబ్బంది అని."

"ఏడిస్తే ఇబ్బందా!"

కోచింగ్ సెంటర్లో మా సారు జపాను వాళ్ళ గురించి మనవాళ్ళు అడిగే వంద ప్రశ్నలు, జవాబులు నోట్సు చెప్పించారు. చెప్పులెందుకు విడుస్తారు, బహుమతి ఎట్లా ఇస్తారు, నూడుల్స్ చప్పుడు చేస్తూ తినొచ్చా. అరవై మూడు దాకా రాసుకున్నాను. తర్వాత నాయనకు బాగలేక మానేశాను. ఆ పుస్తకం ఇప్పుడు సంచిలో వేసుకుని తిరుగుతున్నాను.

జూన్ 13, గురువారం

ఇవాళ కూడా అంతే. పది నిమిషాలు, మళ్ళీ పది నిమిషాలు. విజయ్ కుమార్ రాలేదు. నడుము పట్టేసింది.

జూన్ 14, శుక్రవారం

డాక్టరు గిరిప్రసాద్ గారు మమ్మల్ని గదిలోకి పిలిచారు. స్కాను ఫిల్ములు దీపం ముందు పెట్టి నాకు తెలుగులో చెప్పారు. పరిస్థితి బాగలేదన్నారు. ఇంకా చెప్పారు. "ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పమ్మా" అన్నారు.

నేను "చోత్తో ముజుకషీ" అన్నాను. కొంచెం కష్టం అని. వాళ్ళ భాషలో ఆ మాటకు అర్థం కొంచెం కష్టం అని కాదు. కానే కాదని అర్థం. నోట్సులో నలభై ఒకటో ప్రశ్న అదే: జపాను వాళ్ళు కాదు, కుదరదు అని మొహం మీద ఎందుకు చెప్పరు? ఎదుటివాడి మనసు నొప్పించకూడదని. కొంచెం కష్టం అంటే వాళ్ళే గ్రహిస్తారు. అది వాళ్ళ పద్ధతి. వాళ్ళ పద్ధతిలోనే చెప్పాను.

"అర్థమైందా ఆమెకు?" అని డాక్టరు గారు అడిగారు. అయింది అన్నాను. కాగితం మీద ఆమె సంతకం పెట్టింది. కింద దుబాసీ అన్న చోట నేను పెట్టాను.

చెప్పినట్టే.

జూన్ 15, శనివారం

అమ్మ ఏర్పేడు నుంచి ఫోన్ చేసింది.

"రేపు ఆదివారం మందిరానికన్నా వస్తావా?"

"రాలేనమ్మా. డ్యూటీ."

"ఆయప్పకు ఎట్ల ఉండాది?"

"అట్లే ఉండాది."

"ప్రార్థన చేస్తాండానులే. నువ్వు తిన్యావా?"

తిన్నాను అన్నాను. తినలేదు. హాస్టల్ గదిలో ఫ్యాను తిరుగుతుందే కానీ గాలి రాదు.

విజయ్ కుమార్ సోమవారం వస్తాడేమోనని ధనశేఖర్ సార్ అన్నారు. రానక్కర్లేదు, నేను చూసుకుంటున్నాను అన్నాను. ఎందుకట్లా అన్నానో నాకు తెలుసు. అతను వస్తే రెండు నిమిషాల్లో నా జపాను ఏపాటిదో కనిపెడతాడు. మూడో లెవెల్ కాదు కదా, దానికంటే తేలికైన నాలుగో లెవెల్ దగ్గరే రెండుసార్లు తప్పాను. నాయన పోయాక ఇంట్లో వచ్చే జీతం నాదొక్కటే.

జూన్ 16, ఆదివారం

భారతమ్మ పెరుగన్నం డబ్బాలో పోసి, మధ్యలో చెంచా నిలువుగా గుచ్చి యోషికో గారికి ఇచ్చింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. మరుక్షణమే సర్దుకుని, చెంచా పీకి పక్కన పడుకోబెట్టి, తల వంచి తీసుకుంది. భారతమ్మ మొహం మాడిపోయింది.

"మడీ మైలా ఏమన్నా ఉండాదా పాపా వాళ్ళకు?"

"అది కాదు పెద్దమ్మా. అన్నంలో తినే పుల్లలు నిలువుగా గుచ్చేది పోయినవాళ్ళకు పెట్టేటప్పుడు మాత్రమే."

భారతమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "మనమూ అంతే గదమ్మా. పోయినోళ్ళకు పెట్టే తీరు వేరేనే గదా. తెలీక చేసినానని చెప్పు తల్లీ." చెప్పాను. యోషికో గారు తనే మళ్ళీ క్షమాపణ చెప్పుకుంది. ఇద్దరూ ఒకరికొకరు తలలు వంచుకుంటూ ఎంతసేపో ఆపలేదు. ఈ వారంలో నేను నవ్వింది అప్పుడే.

మధ్యాహ్నం ఆమె ఫోన్లో కొడుకు ఫొటో చూపించింది. నవోకి. ఉత్తరాన మంచు పడే ఊళ్ళో ఉద్యోగం. చేరి ఏడాది కాలేదు. నాన్నకు ఒంట్లో బాగలేదని మాత్రం చెప్పిందట, ఇంత అని చెప్పలేదట. కొత్త ఉద్యోగం, సెలవంటే పక్కవాళ్ళ మీద పని పడుతుంది. "ఆయన కళ్ళు తెరిచాక ఇద్దరం కలిసి ఫోన్ చేస్తాం" అంది.

నన్ను చూసింది. "అప్పటిదాకా ఆగడమే మంచిది కదా?"

నేను మంచినీళ్ళ సీసా మూత బిగిస్తున్నాను. "హాయ్" అన్నాను. అవును అని.

జూన్ 17, సోమవారం

డాక్టరు గిరిప్రసాద్ గారు ఇవాళ భారతమ్మను పిలిచారు. తోడు ఎవరూ లేరని ఆమె నన్ను పట్టుకుని పోయింది.

"అమ్మా, నీకు దాపరికం లేకుండా చెబుతాండాను. మూడు దినాలో నాలుగు దినాలో. రావాల్సినోళ్ళుంటే ఇప్పుడే రమ్మని ఫోన్ చెయ్యి. తర్వాత చింత పడి లాభం లేదు."

భారతమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. ఐదు నిమిషాలు ఏడ్చి, కొంగుతో మొహం తుడుచుకుని ఫోన్ తీసింది. పెద్దకొడుకు, చిన్నకొడుకు, మరిది, మదనపల్లెలో కూతురు. "ఆవుల్ని ఎవురికన్నా ఒప్పజెప్పి రాండ్రా" అంటోంది. సాయంత్రం ఐదుకల్లా ఎనిమిదిమంది వచ్చేశారు.

ఆ మాటలు నాకు కొత్త కావు. శుక్రవారం అదే గదిలో, అదే కుర్చీలో కూర్చుని నాకూ ఆయన అవే చెప్పారు. మూడు రోజులో నాలుగు రోజులో, మించితే వారం. రావాల్సినవాళ్ళు ఉంటే రమ్మనండి. ఆ మాట ఇక్కడ రాయలేదు శుక్రవారం. తిప్పి చూశాను, రాయలేదు.

జూన్ 18, మంగళవారం

మధ్యాహ్నం రెండుకు చెంగయ్య గారు పోయారు. కొడుకులిద్దరూ చెరో పక్క ఉన్నారు. కూతురు నోట్లో నీళ్ళు పోసింది.

హాలంతా ఏడుపు. యోషికో గారు కుర్చీ దిగి, భారతమ్మ చాప పక్కన నేల మీద మోకాళ్ళు మడిచి కూర్చుంది. ముట్టుకోలేదు. శవాన్ని వ్యానులోకి ఎక్కించేదాకా గంటన్నరసేపు అట్లాగే ఉంది. లేచేటప్పుడు కాళ్ళు తిమ్మిరెక్కి తూలితే నేను పట్టుకున్నాను.

పోతూ పోతూ భారతమ్మ వెనక్కి వచ్చి ఆమె రెండు బుగ్గలూ నిమిరింది. "నీ మొగుడు లేస్తాడు తల్లీ. నువ్వు మంచిదానివి." నన్ను చెప్పమంది. చెప్పాను. అది మాత్రం తడుముకోకుండా చెప్పాను.

అందరూ పోయాక యోషికో గారు అడిగింది.

"ఆమె పిల్లలందరూ నిన్ననే వచ్చారు. రావాలని వాళ్ళకెట్లా తెలిసింది?"

"దగ్గరి ఊరు" అన్నాను. "దగ్గర కాబట్టి వచ్చారు."

ఆమె తల ఊపింది. దగ్గరైతే బాగుంటుంది అంది.

జూన్ 19, బుధవారం

శుక్రవారం నాడు కొంచెం కష్టం అన్న తర్వాత ఇంకో మాట కూడా అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. కళ్ళు పెద్దవి చేసుకుని, ఊపిరి బిగబట్టి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. వెంటనే "దైజోబు" అనేశాను. ఫరవాలేదు, బాగవుతుంది, భయం లేదు, అన్నిటికీ అదే మాట. జపాను భాషలో మొదటి రోజు నేర్పేది. ఆమె ఊపిరి వదిలింది.

డాక్టరు ఆ మాట అనలేదు.

ఈ రోజు ఐదు గంటల పది నిమిషాలు అయ్యాక ఆమె నాకు "ఒత్సుకారెసమ" అంది. పని ముగించి పోయేవాళ్ళకు చెప్పే మాట. అలసిపోయారు పాపం అని దాని అర్థం. రోజూ చెబుతుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నాకు ఆ మాట తెలుగులో చెప్పినవాళ్ళు లేరు. ఇవాళ వినలేకపోయాను. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వచ్చేశాను.

జూన్ 20, గురువారం

చెప్పాలనే పోయాను. బస్సులో కూర్చుని వాక్యాలు కూర్చుకున్నాను, కాగితం మీద కూడా రాసుకున్నాను.

పదకొండు గంటలకు లోపలికి పోయి వచ్చిన ఆమె మొహం వెలిగిపోతోంది. వేలు కదిలిందట. కుడిచేతి బొటనవేలు. నన్ను లాక్కుపోయి సిస్టరు ముందు నిలబెట్టింది.

సిస్టరు నాతో అంది: "నరం దానంతటదే కొట్టుకుంటాది మేడం. దానికీ తెలివికీ సంబంధం లేదు. బీపీ నిన్నటికంటే ఇంకా పడిపోయింది."

యోషికో గారు "ఏమంటున్నారు?" అంది.

కాగితం నా చేతిలోనే ఉంది. తల ఊపాను. అంతే చేశాను. ఒక్క మాట కూడా మాట్లాడలేదు కాబట్టి అబద్ధం ఆడలేదని బస్సులో తిరిగి వస్తూ అనుకున్నాను. ఆ అనుకున్నది కూడా ఇక్కడ రాస్తున్నాను, తర్వాత చదువుకోవడానికి.

జూన్ 21, శుక్రవారం

ఉదయం పది నలభైకి పోయారు. పదకొండు కాలేదని ఆమె బయటే ఉంది.

జూన్ 22, శనివారం

నిన్న ఆమె మెట్ల దగ్గరికి పోయి కొడుకుకు ఫోన్ చేసింది. ఎప్పుడూ అక్కడికే పోయి మాట్లాడుతుంది, హాల్లో వాళ్ళకు ఇబ్బందని. తలుపు అవతల నుంచి గొంతు వినిపించింది. గోమెన్, గోమెన్ అంటోంది. క్షమించు, క్షమించు.

అతనికి టికెట్ దొరికింది. సోమవారం వస్తాడు.

జూన్ 23, ఆదివారం

విజయ్ కుమార్ వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, నెమ్మది మనిషి. ఎంబసీ కాగితాల కోసం ఆసుపత్రి ఫైలు అంతా జపాను భాషలోకి తిప్పాలట. ఆమె ఉంటున్న కంపెనీ గెస్ట్‌హౌస్ వరండాలో కూర్చుని ఒక్కో పేజీ చూస్తున్నాడు. ఒక పేజీ దగ్గర ఆగి నన్ను పిలిచాడు.

"ఈడ సూడమ్మా. పద్నాలుగో తేదీ. బతికే ఆశ లేదని, బంధువుల్ని పిలిపించుకోమని దుబాసీ ద్వారా వివరించినాం అని రాసుండారు. కింద నీ సంతకం ఉండాది. ఆయమ్మేమో నాతో, అంతా హఠాత్తుగా జరిగిపోయింది అంటాది."

నా సంతకం వైపు చూశాను.

"చెప్పినావా, లేదా?"

"లేదు."

అతను పెన్ను మూత పెట్టాడు. "ఒక పని చెయ్యొచ్చు. నీ భాష చాలక సరిగ్గా అర్థం కాలేదంటే సరిపోతాది. వాళ్ళు గట్టిగా అడగరు. నీ ఉద్యోగానికి గూడా ఏం కాదు."

మంచి మనసుతోనే అన్నాడు. లేచి లోపలికి పోయాను.

యోషికో గారు మంచం మీద భర్త చొక్కాలు మడత పెడుతోంది. నేను నేల మీద కూర్చున్నాను. నాకు వచ్చినవి చిన్న చిన్న మాటలే. వాటితోనే చెప్పాను.

"శుక్రవారం, పద్నాలుగు. డాక్టరు గారు చెప్పారు. మూడు రోజులు, నాలుగు రోజులు. కొడుకును పిలవండి అన్నారు. నేను మీకు చెప్పలేదు. దైజోబు అన్నాను. డాక్టరు గారు అనలేదు. నేను అన్నాను."

ఆమె చేతిలోని చొక్కా మడత పూర్తి చేసింది. గుండీలు సరిచేసి మిగతా వాటి మీద పెట్టింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఆ మాట రాలేదా మీకు?"

రాలేదంటే అయిపోయేది. ఆమే దారి ఇచ్చింది, విజయ్ కుమార్ ఇచ్చినట్టే.

"వచ్చు" అన్నాను. 'నకునారు'. లేకుండా పోవడం. చనిపోతారు అనకూడదు, అట్లా అనాలని సారు నేర్పారు. ఆ రోజు నాలుక చివర ఉంది. మింగేశాను.

"మరి ఎందుకు?"

అప్పుడు నాయన గురించి చెప్పాను. మూడేళ్ళయింది, ఎవరికీ చెప్పలేదు. డాక్టరు నన్నూ అమ్మనూ పిలిచి క్యాన్సరు, రెండు నెలలు అన్నాడు. బయటికి రాగానే నాయన నా మొహంలోకి చూసి, "ఏం చెప్పినాడు?" అన్నాడు. కడుపులో పుండు, మందులకు పోతాది నాయనా అన్నాను. నాయన ఊపిరి వదిలాడు. పులికాట్ ఒడ్డున వాళ్ళ అక్క ఉంది. ఏదో మాట పట్టింపుతో ఏడేళ్ళుగా రాకపోకలు లేవు. ఒకసారి పోయి చూసొస్తానన్నాడు. తగ్గినాక పోదాం అన్నాను. మళ్ళీ అడిగాడు. తగ్గినాక అన్నాను. అత్తయ్య శవం దగ్గరికే వచ్చింది.

ఇదంతా ఎంత చెప్పగలిగానో, ఆమెకు ఎంత అందిందో తెలియదు. సగం తెలుగులోనే మాట్లాడాను. ఆమె చివరిదాకా విని ఇట్లా అంది:

"నవోకి రేపు వస్తాడు. డాక్టరు గారు చెప్పింది వాడికి చెప్పండి. ఒక్క మాట కూడా తగ్గించకుండా."

"విజయ్ కుమార్ గారు నాకంటే బాగా..."

"మీరు."

ఇవాళ ఒత్సుకారెసమ అనలేదు.

జూన్ 24, సోమవారం

నవోకి ఈ ఎండలో నల్లకోటు వేసుకుని దిగాడు. తండ్రి ముక్కు, తండ్రి నడక. ఆసుపత్రిలో తండ్రిని చూసి వచ్చి గెస్ట్‌హౌస్‌లో నా ఎదురుగా కూర్చున్నాడు. పక్కన తల్లి. విజయ్ కుమార్ బయటికి పోయి తలుపు దగ్గరగా వేశాడు.

డాక్టరు గిరిప్రసాద్ గారి మాటలు పొద్దున్నే గుర్తు చేసుకుని వరుసగా రాసుకుని పోయాను. మెదడు దాదాపు పని చేయడం లేదు. గుండె మందులతో కొట్టుకుంటోంది. మూడు రోజులు, నాలుగు రోజులు, మించితే వారం. రావాల్సినవాళ్ళు ఉంటే ఇప్పుడే రమ్మనండి.

అతను చెయ్యి ఎత్తాడు. "చివరిది ఇంకోసారి."

రావాల్సినవాళ్ళు ఉంటే ఇప్పుడే రమ్మనండి.

"అది ఏ రోజు?"

పద్నాలుగు. ఉదయం పదకొండున్నర.

అతను ఫోన్ తీసి తేదీలు చూసుకున్నాడు. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు.

"ఆ రోజు నేను సెలవులో ఉన్నాను" అన్నాడు. "పని లేదు. ఇంట్లో పడుకుని ఉన్నాను."

యోషికో గారు ఏడ్చింది. మా ఇద్దరి ముందే, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మొహం దాచుకోకుండా. కొడుకు కదల్లేదు. నేను లేచి పోవాలో ఉండాలో తెలియక కూర్చున్నాను. చివరికి ఆమే "ఇక మీరు వెళ్ళండి నిస్సీ గారూ" అంది. వంగి దండం పెట్టబోయాను. తల్లీ కొడుకులు చూడటం లేదు.

జూన్ 26, బుధవారం

దహనం ఇక్కడే చేశారు. నేను పోలేదు, రమ్మనలేదు. ఎముకలు తల్లీ కొడుకూ చెరో జత పుల్లలతో ఒకే ముక్కను కలిసి ఎత్తి కుండలో వేశారని, కాళ్ళ వైపు నుంచి మొదలుపెట్టారని విజయ్ కుమార్ ఫోన్లో చెప్పాడు. కాటికాపరి ఆదిమూలం తనెప్పుడూ అట్లాంటిది చూడలేదని పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడట.

రాత్రి ఫ్లయిటుకు వెళ్ళిపోయారు.

జూన్ 28, శుక్రవారం

ధనశేఖర్ సార్ దగ్గరికి పోయి చెప్పాను. పరీక్ష పాస్ కాలేదని, పద్నాలుగో తేదీ ఏం జరిగిందో, అంతా.

ఆయన కళ్ళద్దాలు తీసి కళ్ళు నలుముకున్నారు. "వాళ్ళు కంప్లైంట్ ఏం ఇయ్యలేదే. నువ్వు పది దినాలు పక్కనే ఉన్యావని పెద్ద మేనేజరుకు చెప్పి పోయిందంట ఆయమ్మ. ఇప్పుడు నువ్వొచ్చి నా నెత్తిన ఎందుకు పెడతాండావు?"

"చెప్పాలనిపించింది సార్."

"సోమవారం నుంచి స్టోర్స్‌కు పో. జపాను వాళ్ళ ముందరికి రావద్దు."

సరే అన్నాను. సంతోషం లేదు, బాధ లేదు. నిద్ర వస్తోంది.

జూన్ 30, ఆదివారం

ఏర్పేడు వచ్చాను. మందిరం నుంచి వచ్చి అమ్మ తలుపు దగ్గర కూర్చుని చింతచిగురు ఏరుతోంది. నేనూ కూర్చుని ఏరుతూ చెప్పాను. ముందు ఒకుదా గారి సంగతి, తర్వాత నాయన సంగతి. నాయన నన్ను అడిగాడని, పుండు అన్నానని, అక్కను చూడాలంటే తగ్గినాక అన్నానని.

అమ్మ చేతులు ఆగలేదు.

"నన్ను గూడా అడిగినాడు" అంది.

"ఎప్పుడు?"

"నిన్నడిగినాక వారానికి. నువ్వు యాడికో మందులకు పోయింటివి. ప్రసన్నా, నువ్వన్నా చెప్పు, పాప చెప్పడంలేదు అన్యాడు. నాకు నోరు రాలే. కోడిని కోసి కూర చేస్తి. ఆయప్ప గిన్నె ముందర పెట్టుకొని నా మొగమే చూస్తా కూసున్యాడు. ఒక్క ముక్క తినలే."

మూడేళ్ళుగా ప్రతి సెలవుకూ ఈ ఇంటికి వస్తూనే ఉన్నాను.

చిగురు ఏరడం అయిపోయింది. పుల్లలు ఒకవైపు, ఆకు ఒకవైపు. అమ్మ చేట ఎత్తబోయి ఆగింది.

"ఆ పిల్లోడు నిన్ను తిట్టినాడా?"

"లేదమ్మా."

"ఆయమ్మ?"

"లేదు."

"తిట్టింటే బాగుండు గదా."

అవును అన్నాను. అమ్మ చేట కింద పెట్టి పక్కకు జరిగి చోటిచ్చింది. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాను. పులికాట్ బస్సు ఎన్నింటికి ఉందో కనుక్కోమంది. అత్తయ్యకు మేం చెప్పాల్సింది ఉంది.